క్లేటా పంతులమ్మ పెట్టిన ముక్కులు

మా లుంబాన్‌లో పాత మేడల గోడల మీద వేలాడే అవ్వలందరికీ ముక్కులు ఒక్కలాగే ఉంటాయి. కోటేరేసినట్టు నిటారుగా, చివర్న చిన్న వంపుతో. వాళ్ల మనవరాళ్లలో, మునిమనవరాళ్లలో అలాంటి ముక్కు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. బయటి ఊరివాళ్లు ఆ పటాలు చూసి, ఈ వంశాలన్నిటిలోనూ ఎక్కడో మమ్మల్ని ఏలిన స్పెయిన్ దొరల రక్తం కలిసిందని గుసగుసలు పోతారు. మేం మాత్రం నవ్వుకుంటాం. అవి తాతలిచ్చిన ముక్కులు కావు, క్లేటా పంతులమ్మ పెట్టిన ముక్కులు.

ఆమె అసలు పేరు అనక్లేటా. తల్లి బ్రూనా అనాసనార బట్ట మీద కుట్టుపని చేసేది. మా ఊళ్లో ఆడపిల్లకు నడకకంటే ముందు సూది వస్తుందంటారు గానీ, క్లేటాకు సూది అచ్చిరాలేదు. అచ్చొచ్చింది బట్ట కింద పెట్టే కాగితం. తీగలు, మొగ్గలు, సీతాకోకచిలుకలు కాగితం మీద నల్లసిరాతో గీసి ఇచ్చేది. అనాసనార బట్ట పల్చన కదా, పైన పరిస్తే కింది గీత కనబడుతుంది. కుట్టేవాళ్లు దాని వెంటే బట్ట మీద గీసుకుని కుట్టుకుపోయేవారు. ఆమెకు జడ వేసుకునే వయసు వచ్చేసరికి వీధిలో సగం మంది కుట్టేది క్లేటా పూలే.

ఆ రోజుల్లోనే చర్చి కప్పుకు బొమ్మలు వెయ్యడానికి మనీలా నుంచి ఒక ముసలి చిత్రకారుడు వచ్చాడు. చూపు మందగించిన మనిషి. బ్రూనా ఇంటి ముందు ఆరేసిన బట్ట చూసి ఆగిపోయాడు.

“ఈ గీత ఎవరిదమ్మా?”

“మా పిల్లది. ఎందుకు?”

“నాకు రంగులు నూరడానికి పంపుతావా?”

“పరంజా ఎక్కిందంటే దాని కాళ్లు విరగ్గొడతా. నీవీ విరగ్గొడతా,” అంది బ్రూనా.

పరంజా ఎక్కించనని ఆయన మాటిచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. చెక్కలు కింద పరిచి, దేవదూతల రెక్కల్లో ఈకలన్నీ క్లేటా చేతనే వేయించి, తర్వాత ఆ చెక్కలనే పైకెక్కించాడు. పని ముగిసి వెళ్లేటప్పుడు ఆమెకు ఒక కాగితాల చుట్ట ఇచ్చాడు. సముద్రాలు దాటి వచ్చిన అచ్చుబొమ్మలు అవి. ఒకదాని నిండా కళ్లు, ఒకదాని నిండా చెవులు, ఒకదాని నిండా ముక్కులు. “ముక్కంటే ఇదీ. దీన్ని చూసి నేర్చుకో,” అన్నాడు. చెప్పినాయన ముక్కు మాత్రం మన అందరిలాగే చప్పిడి ముక్కు. ఆ సంగతి క్లేటాకు అప్పుడు తట్టలేదు. తట్టేసరికి ఆమె తల నెరిసింది.

క్లేటా పెళ్లి చేసుకోలేదు. పీలా ఊరి బట్టల వ్యాపారి ఒకడు అడిగాడు. రంగుల వాసన తనకు పడదని, పెళ్లయ్యాక అవన్నీ మానెయ్యాలని కబురు పెట్టాడు. “అతని వాసన నాకు పడుతుందో లేదో ఎవరైనా అడిగారా?” అందట క్లేటా. అంతటితో ఆ సంబంధం సరి. పెద్దమ్మ కూతురు తినాయ్ చిన్నతనంలోనే భర్త పోయి వచ్చి చేరింది. తినాయ్ వంట చేసేది, క్లేటా పటాలు వేసేది, ఇద్దరూ కలిసి పోట్లాడుకునేవారు.

పటం వేయించుకోవడమంటే మా ఊళ్లో చిన్న సంగతి కాదు. ముందుగా రవిక, భుజాల మీద వేసుకునే పైట, ఉంగరాలు, దువ్వెనలు పంపేవారు. అవి క్లేటా దగ్గర రోజుల తరబడి ఉండేవి. ఒక్కో పోగునూ వెంట్రుకంత కుంచెతో ఎక్కించేది. కుట్టినవాళ్లు పటం చూసి, “ఇక్కడ నేను కుట్టు తప్పాను, అది కూడా వేసేశావా తల్లీ,” అని సిగ్గుపడేవారు. ఇక మనిషి వచ్చి కూర్చునేది ఒక్క పూట. బట్ట ఉన్నదున్నట్టు, ముఖం ఉండవలసినట్టు, అదీ ఆమె లెక్క. ముఖం ఉండవలసినట్టు అంటే అచ్చుబొమ్మలో ఉన్నట్టు. ఆడవాళ్లు పటం చూసుకుని మురిసిపోయేవారు. పెళ్లికెదిగిన పిల్లకు ముక్కు బాగాలేదని ఎవరైనా వంక పెడితే, “దానికేం, క్లేటా దగ్గరికి పంపిస్తే సరి,” అనడం మా ఊరి సామెత అయిపోయింది.

పంతులమ్మ ఎలా అయిందంటే, పెద్దిళ్లవాళ్లు తమ పిల్లలకు కాస్త గీతలు నేర్పమన్నారు. మేడ కింది గదిలో చాపలు పరిచింది. గోడకు అచ్చుబొమ్మలు అంటించింది. మొదటి ఏడాది కళ్లు, రెండో ఏడాది ముక్కులు, చెవులు, పెదవులు. మూడేళ్లు గడిచేదాకా పూర్తి ముఖం ఎవరూ వెయ్యకూడదు. ఒక పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి మిగతావాళ్లు ఆమె కన్నో ముక్కో వేసేవారు. పంతులమ్మ, పిల్లల నోట మాయెస్త్రా, ఎర్రసుద్ద పుల్ల పట్టుకుని వెనక తిరిగేది. నల్లగీత వంకర పోయిన చోట పైనుంచి ఎర్రగీతతో దిద్దేది. మాట వినని చేతిమీద విసనకర్ర కాడతో ఒక్కటి తగిలించేది.

తప్పుగీత చెరపడానికి రొట్టె లోపలి మెత్తటి ముద్ద ఇచ్చేవారు. కీకా అనే బొద్దుపిల్ల దాన్ని తరగతి మొదలవకముందే తినేసేది.

“రొట్టె ఏదే?” అనేది పంతులమ్మ.

“నేను తప్పులు వెయ్యను కదా, మాయెస్త్రా. అందుకని తినేశాను.”

పిల్లలంతా పకపక నవ్వేవారు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినిపించేదని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లున్నారు. సాయంత్రం పూట నది గాలి, పైనుంచి తినాయ్ కాస్తున్న చాక్లెట్ వాసన, కింద పుల్లలు కాగితం మీద గీసుకునే చప్పుడు. ఆ గదిలాంటి గది మా ఊళ్లో మళ్లీ రాలేదు.

అందరికంటే ఎక్కువగా ఎదురు కూర్చున్నది సిద్రా. ఊరిపెద్దగా చేసి చనిపోయినాయన కూతురు. తల్లి ఎంగ్రాసియాను ఊరిపెద్ద భార్య అన్న లెక్కన అందరూ ఇంకా కపితానా అనే పిలిచేవారు. సిద్రాకు గీయడం బద్ధకం. “నేను కూర్చుంటా, మీరు గీసుకోండర్రా,” అని దిండు కూడా తెచ్చుకునేది. అచ్చమైన చప్పిడి ముక్కు, నవ్వితే బుగ్గల్లో కలిసిపోయేది. ఆ ముక్కే కపితానాకు మనోవ్యాధి.

పసిబిడ్డల ముక్కు పొద్దున్నే రెండు వేళ్లతో పట్టి లాగడం మా దగ్గర ప్రతి తల్లీ చేసేదే. మెత్తగా ఉన్నప్పుడే లాగాలి, గట్టిపడితే రాదంటారు. మిగతా తల్లులు బిడ్డకు పళ్లొచ్చేసరికి మానేస్తారు. కపితానా మానలేదు. పదహారేళ్ల పిల్లను తరగతికి దింపడానికి వచ్చి, గుమ్మంలో అందరి ముందూ ముక్కు పట్టి ఒక్క లాగు లాగి వెళ్లేది.

“అమ్మా, ఊడొస్తుందే ఏదో ఒకనాడు,” అనేది సిద్రా.

“వస్తే మంచిదే. కొత్తది మీ పంతులమ్మ పెడుతుంది.”

జనవరిలో సెబాస్టియన్ స్వామిని నదిలో స్నానం చేయించే పండగకు ఒకసారి మనీలా నుంచి ఫొటో తీసేవాడు వచ్చాడు. సిద్రా తీయించుకుంటానని గంతులేసింది. “వచ్చే ఏడు తీయిద్దాం, ముక్కు ఇంకాస్త లేవనీ,” అంది తల్లి.

ఆ ఏడే కలరా వచ్చింది. సిద్రాకు తెల్లవారి వాంతులు మొదలయ్యాయి, చీకటి పడకముందే మనుషులొచ్చి తీసుకుపోయి సున్నం చల్లి పూడ్చేశారు. తల్లిని దగ్గరికి రానివ్వలేదు. ముఖానికి గుడ్డ కప్పేశారు. పంతులమ్మ కింది గదికి తాళం వేసింది.

జబ్బు తగ్గిన కొన్ని నెలలకు, నల్లబట్టల్లో కపితానా మెట్లెక్కి వచ్చింది. తినాయ్ తెచ్చిన చాక్లెట్ ముట్టుకోలేదు.

“క్లేటా, నాకు పిల్ల ముఖం గుర్తు రావట్లేదే,” అంది.

క్లేటా చేతిలోని కుంచె పక్కన పెట్టింది.

“గొంతు వినబడుతుంది. కాళ్లు గుర్తున్నాయి, మడమలు పగిలి ఉండేవి. ముఖం మాత్రం... పొద్దున లేచి తలుచుకుంటా, నిన్నటికంటే తక్కువ ఉంటుంది. ఏడాదంతా కట్టిన ఈ నల్లబట్ట సంవత్సరీకానికి విప్పాలి కదా. ముఖం మర్చిపోయి ఎలా విప్పను? అప్పటికి దాని పటం వేసియ్యి. గోడ మీద చూసి విప్పుతా.”

“వేస్తాను కపితానా.”

“నీకు గుర్తుందా?”

“రోజూ నా కళ్ల ముందే కూర్చునేది, ఎందుకు గుర్తుండదు?” అంది క్లేటా. నిజంగానే అనుకుంది పాపం.

రవిక తెప్పించుకుంది. అంచు మీది మొగ్గలు తను గీసినవే. వాటిని పోగు పోగునా వేసింది. తర్వాత ముఖం. కళ్లు మూసుకుని తలుచుకుని, తెరిచి వేసింది. నెలల తరబడి ఇంకెవరి పటమూ ఒప్పుకోలేదు. పూర్తయ్యాక కపితానాను పిలిచింది.

కపితానా పటం ముందు చాలాసేపు నిలబడింది. దగ్గరికి వెళ్లింది, వెనక్కి వచ్చింది.

“చాలా చక్కగా ఉంది క్లేటా,” అంది మెల్లగా. “ఎవరి పిల్ల?”

ఎత్తిపొడుపుగా అని ఉంటే క్లేటా తట్టుకునేది. ఆమె అలా అనలేదు. నిజంగానే అడిగింది. రవిక చూసి తప్పు తెలుసుకుని, “అయ్యో, మా సిద్రానా. నాకే మతి పోయింది. బాగుంది, బాగుంది,” అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ ‘బాగుంది’ వింటుంటే క్లేటాకు గుండె చెరువైంది.

“ముక్కు,” అంది తినాయ్, వెనక నుంచి.

“ముక్కేమైంది?”

“బ్రహ్మాండంగా ఉంది. చర్చిలో స్పెయిన్ ఫాదరీగారి ముక్కులా ఉంది.”

క్లేటా ఆ రోజు తినాయ్‌తో పోట్లాడలేదు. కత్తి తీసుకుని ముఖం గీకేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే ముక్కు వచ్చింది. గీకేసింది, వేసింది. చప్పిడిగా వెయ్యాలని అనుకుంటూనే ఉంది. చెయ్యి మాత్రం తనకు నేర్పిందే వేస్తోంది. ముఖం తలుచుకుంటే ఇప్పుడు సిద్రా రావడం లేదు, గోడ మీది అచ్చుబొమ్మే వస్తోంది. తనకూ గుర్తులేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ పిల్లను రోజూ చూసింది గానీ, చూసిన ప్రతిసారీ మనసులో దిద్దుకుంటూనే చూసింది.

సంవత్సరీకం దగ్గర పడింది. కపితానా ఇంటి నుంచి కబుర్లు రావడం మానేశాయి. దాంతో క్లేటాకు ఇంకా భయం వేసింది. అలాంటి రోజున కీకా వచ్చింది, వాళ్లమ్మ పంపిన తెల్లజున్ను ఆకులో చుట్టి పట్టుకుని. గీకిగీకి పల్చనైన పటం చూసింది.

“సిద్రా కళ్లు నా దగ్గరున్నాయి కదా, మాయెస్త్రా,” అంది.

“ఏమంటున్నావే?”

“మేం వేసినవి. నా దగ్గర కళ్లున్నాయి. ముక్కులు తొమాసా వేసింది, వాళ్లింట్లో ఉండాలి.”

క్లేటా పైట కూడా సర్దుకోకుండా మెట్లు దిగింది. ఇద్దరూ ఇంటింటికీ తిరిగారు. పెట్టెల అడుగున పరిచిన కాగితాలు, గోడ సందుల్లో దోపిన కాగితాలు. ఒక ఇంట్లో సిద్రా చెవిని గాలిపటం చేసేశారు. తొమాసా తల్లి రొయ్యల ఊరగాయ జాడీ మూతికి కట్టిన కాగితం విప్పి ఇచ్చింది. “వాసన వస్తుంది పంతులమ్మా, ఏమనుకోకండి,” అంది. అది సిద్రా ముక్కు. క్లేటా దాన్ని గుండెకు హత్తుకుని తెచ్చుకుంది. పైటకు పట్టిన వాసన వారం రోజులు పోలేదు, తినాయ్ ముక్కు మూసుకునే వడ్డించింది.

కింది గది తాళం తీశారు. చాప మీద కాగితాలన్నీ పరిచారు. క్లేటా వంగి ఒక్కొక్కటే చూసింది. ప్రతి కాగితం మీదా ఎర్రగీతలే. చప్పిడి ముక్కును పైకి లేపిన ఎర్రగీత. చిన్న కంటికి రెప్ప మడత పెట్టిన ఎర్రగీత. ఎక్కడ చూసినా తన చెయ్యే, ఎక్కడ చూసినా అచ్చుబొమ్మే.

“అన్నిటినీ నేనే పాడు చేశాను,” అంది.

కీకా జున్ను ముక్క నోట్లో వేసుకుంది. “అదేం లేదు మాయెస్త్రా. మీ గీత ఎర్రది, మా గీత నల్లది. మేం సరిగానే వేశాం కదా.”

క్లేటా ఆ పిల్ల ముఖంలోకి చూసింది. తర్వాత లేచి పైకి వెళ్లి, తల్లి పెట్టెలోంచి అనాసనార బట్ట ముక్క తెచ్చింది. కాగితం మీద పరిచింది. కింది గీతలు పైకి కనబడ్డాయి, ఎర్రవీ నల్లవీ కూడా. సిరాలో కలం ముంచింది, చిన్నప్పుడు బ్రూనా పక్కన కూర్చుని ముంచినట్టు.

“ఇలా రా. విసనకర్ర తీసుకో,” అంది కీకాతో. “నేను నల్లగీత వెంటే పోవాలి. నా చెయ్యి ఎర్రగీత వైపు పోతే ఒక్కటి వెయ్యి.”

“నిజంగా కొట్టనా?”

“కొట్టు.”

కీకా మొదట భయపడుతూ తగిలించింది. కాసేపటికి అలవాటు పడింది. అన్నాళ్లూ తను తిన్న దెబ్బలన్నీ వడ్డీతో సహా అప్పజెప్పిందని తినాయ్ చెప్పేది. క్లేటా వేళ్లు కందిపోయాయి. ఒక్కసారి కూడా ఆపమనలేదు. పొద్దువాలేసరికి బట్ట మీద కళ్లు కుదిరాయి, నోరు కుదిరింది, మధ్యలో చప్పిడిగా, వెడల్పుగా, ఎవరేమనుకున్నా తనకేంటన్నట్టు ఆ ముక్కు కూర్చుంది. కీకా చేతిలోంచి విసనకర్ర జారిపోయింది.

“సిద్రా,” అని ఏడ్చేసింది ఆ పిల్ల. అంతవరకూ ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. తర్వాతి రోజుల్లో క్లేటా ఆ గీతనే పటం మీదికి ఎక్కించి ముఖానికి రంగులు వేసింది.

ఆ తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. చివరికొచ్చాక ఇవి చెప్పడానికి నోరు రాదు. క్లేటా మళ్లీ తరగతి తెరిచింది. గోడ మీది అచ్చుబొమ్మలు తీసేసి, తినాయ్‌ను కూర్చోబెట్టి, “ఈ ముక్కు వెయ్యండి, ఉన్నదున్నట్టు,” అంది. ఎర్రసుద్ద మళ్లీ ముట్టలేదు. పటాల బేరాలు తగ్గాయి. ఉన్న ముక్కు వేయించుకోవడానికి ఎవరొస్తారు? పెద్దిళ్ల ఆడవాళ్లు ముక్కుల కోసం మనీలా పోయారు. క్లేటా ముసలితనంలో మళ్లీ కుట్టేవాళ్లకు పూలు గీసి ఇచ్చి బతికింది. కీకా పెద్దదై ఆ గదిలోనే పిల్లలకు నేర్పింది, రొట్టె తినడం మాత్రం మానలేదు. క్లేటా పోయినప్పుడు ఆమె వేళ్ల మధ్య జపమాలతో పాటు కుంచె కూడా పెట్టాలని తినాయ్ ఫాదరీతో పోట్లాడి గెలిచింది.

ఇక పటం ఇచ్చిన సాయంత్రం. మర్నాడే సంవత్సరీకం. కపితానా ఇంటి పెరట్లో ఆకుల్లో చుట్టిన తీపి అన్నం ఉడుకుతోంది. క్లేటా, తినాయ్, కీకా పటాన్ని తడి ఆరకుండానే జాగ్రత్తగా మోసుకొచ్చి హాల్లో కిటికీ పక్కన నిలబెట్టారు. ఆల్చిప్పల పలకలు బిగించిన కిటికీ తీసి వెలుతురు పడనిచ్చారు. ఇంత చప్పిడి ముక్కుతో వేసిన పటం మా ఊళ్లో అంతవరకూ ఏ తల్లీ చూడలేదు.

కపితానా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పటం చూసింది. ఈసారి దగ్గరికి వెళ్లి వెనక్కి రాలేదు. గబగబా ముందుకే నడిచింది.

“కపితానా, ఇంకా ఆరలేదు, మెత్తగానే ఉంది,” అంది క్లేటా.

ఆమెకు వినబడలేదు, లేదా వినబడే అలా చేసిందేమో. కుడిచెయ్యి దానంతటదే లేచింది. రెండు వేళ్లతో పటంలోని ముక్కు పట్టుకుని, గుమ్మంలో రోజూ లాగినట్టే లాగింది.

“ఇన్నేళ్లు లాగినా లేవలేదు కదే,” అంది. “మొండి ముక్కు. మొండి పిల్ల.” అని అక్కడే నేల మీద కూలబడి, ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చింది.

ముక్కుకు రెండు పక్కలా వేలిముద్రలు పడ్డాయి. క్లేటా అలవాటు చొప్పున సంచిలోంచి కుంచె తీసింది. తీసి, పటం వైపూ కూలబడ్డ తల్లి వైపూ చూసి, మళ్లీ సంచిలో పెట్టేసింది.

మర్నాడు పూజ అయ్యాక, నల్లబట్ట విప్పే వేళకు, కపితానాను లోపలికి తీసుకువెళ్లింది తినాయే. బయటికి వచ్చినప్పుడు ఆమె తెల్లరవికలో ఉంది. కుడిచేతి రెండు వేళ్లకు గోధుమరంగు ఇంకా అంటుకునే ఉంది. కడుక్కోలేదని తినాయ్ చెప్పింది.